గురుడు అలికినట్టు కనిపిస్తున్నాడు: 8 అంగుళాల డాబ్సోనియన్‌లో తప్పెక్కడ?

చుక్కలవేట (విజయవాడ)
జనవరి 12, 2026, రాత్రి 11:50

రెండేళ్ళుగా ఇక్కడ అందరి రాతలూ చదువుతున్నాను. నేను రాయడం ఇదే మొదలు, అదీ కష్టం వచ్చి.

నాది 8 అంగుళాల డాబ్సోనియన్, అంటే చేత్తో తిప్పుకునే అద్దాల టెలిస్కోపు. అద్దం 200 మి.మీ., ఫోకల్ లెంగ్త్ 1200 మి.మీ. కిందటి చలికాలం ఇదే టెలిస్కోపుతో, ఇదే మేడ మీద నుంచి గురుడి పట్టీలు నాలుగు లెక్కపెట్టాను, ఎర్రమచ్చ కూడా చూశాను. ఈ నెల 10న గురుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చాడు. పైగా మిథున రాశిలో, అర్ధరాత్రికి దాదాపు నడినెత్తిన. ఇంతకంటే మంచి అదను దొరకదని పండుగ సెలవులకు ఇంకో రెండు రోజులు కలుపుకున్నాను. తీరా ఐపీస్‌లో కన్ను పెడితే రెండు మసక చారలు, చుట్టూ వెలుగు అలికినట్టు. 25 మి.మీ. ఐపీస్‌తో, అంటే 48 రెట్ల దగ్గర, ఫరవాలేదు. 6 మి.మీ. పెట్టి 200 రెట్లకు వెళితే ఫోకస్ చక్రం ఎటు తిప్పినా కన్ను కుదుటపడే చోటు రావడం లేదు. ఫోనుతో తీసిన ఫోటో పెట్టడానికి సిగ్గేస్తోంది, పెనం మీద చితికిన గుడ్డులా ఉంది.

లేజర్‌తో అద్దాల అమరిక రెండుసార్లు సరిచేశాను. రెండోసారి తర్వాత ఇంకా చెడిందేమోనని అనుమానం. అద్దం పాడైనట్టేనా? పూత మళ్ళీ వేయించాలా?


రింగులశని (బెంగళూరు)
జనవరి 13, ఉదయం 7:15

పూత జోలికి ఇప్పుడే వెళ్ళకండి. పూత పోతే బొమ్మ మసకబారుతుంది, వెలుగు తగ్గుతుంది. అలుక్కుపోదు.

ముందు ఆ లేజర్‌ను అనుమానించండి. ఐపీస్ పెట్టే ఫోకసర్‌లో దాన్ని పెట్టి, మర కొద్దిగా వదులు చేసి, లేజర్‌ను నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి. పెద్ద అద్దం మీద పడే ఎర్రచుక్క ఒకేచోట నిలిస్తే సరే. అది కూడా వలయం చుడుతుంటే లేజరే వంకరగా ఉందన్నమాట, దాన్ని నమ్మి సరిచేసిన ప్రతిసారీ మీరు అమరికను చెడగొడుతున్నారు. చవక లేజర్లలో ఈ జబ్బు చాలా మామూలు. నేను మొదటి ఆరు నెలలు ఇలాగే మోసపోయాను.


పాత అద్దం (హైదరాబాద్)
జనవరి 13, ఉదయం 9:40

లేజర్లూ గీజర్లూ తర్వాత. చుక్కను అడిగితే అదే చెబుతుంది.

విజయవాడ అక్షాంశం 16.5 డిగ్రీలు. రోహిణి చుక్క క్రాంతి (ఆకాశంలో అక్షాంశం లాంటిది) కూడా 16.5 డిగ్రీలే. అంటే ఈ రోజుల్లో రాత్రి 9 గంటల ప్రాంతంలో రోహిణి సరిగ్గా మీ నెత్తి మీదుగా దాటుతుంది. అక్కడ గాలి పొర అన్నిటికన్నా పలచన. కాకపోతే డాబ్సోనియన్‌ను నడినెత్తికి ఎత్తితే తిప్పడం నరకం, కాబట్టి 8 గంటలకే పట్టుకోండి, ఇంకా 15 డిగ్రీలు పక్కకు ఉంటుంది. టెలిస్కోపును గంట ముందే బయట పెట్టండి.

6 మి.మీ. ఐపీస్ పెట్టి చుక్కను సరిగ్గా మధ్యకు తెచ్చి, ఫోకస్‌ను కొంచెం లోపలికి తిప్పండి. చుక్క చిన్న పళ్ళెంలా విచ్చుకుని, లోపల వలయాలు కనిపిస్తాయి. ఇప్పుడు అటు దాటించి బయటి వైపు కూడా అలాగే చూడండి. పళ్ళెంలో సలసల కాగుతూ కదులుతున్నదంతా గాలి. కదలకుండా ఒకే తీరుగా నిలిచిన వంకర అద్దానిది, లేదా అమరికది. మీరు తల పక్కకు వంచితే దానితో పాటు తిరిగేది మీ కంటిలోనిది, కళ్ళద్దాల దుకాణానికి వెళ్ళండి.

చూసి, కాగితం మీద బొమ్మ గీసి, ఇక్కడ చెప్పండి. ఊహించి చెప్పవద్దు.


గోదావరితీరం (రాజమహేంద్రవరం)
జనవరి 13, మధ్యాహ్నం 1:05

మాస్టారు చెప్పిన పరీక్షకు ముందు ఒక మాట అడగనివ్వండి. మేడ మీద ఎక్కడ నిలబడుతున్నారు? టెలిస్కోపు చూపు ఎవరి ఇంటి మీదుగా వెళుతోంది? మా ఇంట్లో దక్షిణం వైపు పక్కింటి వంటింటి ఫ్యాను ఉంది. వాళ్ళు చపాతీలు కాల్చే వేళకు శని ఈదుతున్నట్టు ఉండేవాడు. నేను మూడు వారాలు ఐపీస్‌ను తిట్టుకున్నాను.


కొత్తకన్ను (వరంగల్)
జనవరి 13, సాయంత్రం 6:30

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నాకూ ఇదే సమస్య. నాది 114 మి.మీ., 1000 మి.మీ. ఫోకల్ లెంగ్త్. పెట్టె మీద 500 రెట్లు అని రాశారు. 500 దగ్గర ఏమీ కనబడదు, 100 దగ్గర కూడా చందమామ మెత్తగా ఉంటాడు. నాది కూడా గాలి తప్పేనా?


రింగులశని (బెంగళూరు)
జనవరి 13, సాయంత్రం 7:10

గొట్టం పొడవు కొలవండి. అర మీటరు కూడా లేకుండా ఫోకల్ లెంగ్త్ 1000 అని ఉంటే, ఫోకసర్ అడుగున ఒక కటకం బిగించి ఉంటుంది. బర్డ్-జోన్స్ రకం అంటారు. కాగితం మీద మంచి ఆలోచనే. చవకగా చేసినప్పుడు అమరిక కుదరదు, కటకం అడ్డురావడంతో లేజర్ కూడా సరిగ్గా పనిచేయదు.

500 రెట్లు అన్నది అమ్మేవాడి లెక్క. 114 మి.మీ. అద్దం ఎంత మంచిదైనా విడదీసి చూపగలిగేది సుమారు 1 ఆర్క్ సెకను (డిగ్రీలో 3600వ వంతు). మిల్లీమీటరుకు రెండు రెట్లు అనుకున్నా 228 దగ్గర ఆగిపోవాలి, మన ఆకాశం దానికి కూడా చాలా రాత్రులు ఒప్పుకోదు. మీరు 20 లేదా 25 మి.మీ. ఐపీస్‌తో మొదలుపెట్టండి. ప్రస్తుతం గురుడు 46 ఆర్క్ సెకన్ల వెడల్పు ఉన్నాడు, అంటే 40 రెట్లకే మామూలు కంటికి చందమామ ఎంతో గురుడు అంత. అది చాలా పెద్దదే. చిన్న బొమ్మ అని అనిపించడం అలవాటు లేక.


నిర్వాహకుడు
జనవరి 13, సాయంత్రం 7:45

కొత్తకన్ను గారి టెలిస్కోపు గురించి విడిగా ఒక చర్చ తెరిచాను, అక్కడ కొనసాగించండి. ఇక్కడ 8 అంగుళాల రోగి ఒక్కరే.


మంచుదేశం (న్యూజెర్సీ)
జనవరి 14, ఉదయం 6:20

పండుగ శుభాకాంక్షలు. ఇక్కడ బయట మైనస్ 8, ఇంట్లో 21. అద్దం చల్లబడడానికి రెండు గంటలు పడుతుంది, అప్పటికి నేను గడ్డకడతాను. అద్దం వేడిగా ఉన్నంతసేపూ దాని మీద నుంచి పొయ్యి మీది ఆవిరిలా గాలి లేస్తూనే ఉంటుంది. వెనక చిన్న కంప్యూటర్ ఫ్యాను బిగించాక సగం సమయానికి దిగింది. మీకు లోపలికీ బయటికీ ఏడెనిమిది డిగ్రీలే తేడా కాబట్టి గంట చాలు.

మీ అక్షాంశాన్ని చూసి మాత్రం అసూయ పడుతుంటాను. 2019లో గురుడు దక్షిణాన ఉన్నప్పుడు మాకు 27 డిగ్రీల ఎత్తు దాటలేదు. గాలి పట్టకంలా పనిచేసి ఒక అంచుకు ఎరుపు, ఇంకో అంచుకు నీలం పూసేది. అదే సంవత్సరం విజయవాడలో 51 డిగ్రీలు. మీకు చెడ్డ సంవత్సరమంటూ ఉండదు.


చుక్కలవేట (విజయవాడ)
జనవరి 17, రాత్రి 10:15

పండుగ మూడు రోజులూ చుట్టాలు, భోగి మంటల పొగ. నిన్న, ఇవాళ కుదిరింది.

లేజర్ తిప్పి చూశాను. ఎర్రచుక్క పెద్ద అద్దం మీద రూపాయి బిళ్ళంత వలయం చుట్టింది. రింగులశని గారికి నమస్కారం. పాత ఫిలిం డబ్బా మూతకు నడుమ చిల్లు పెట్టి, దానిలోంచి చూస్తూ చేత్తోనే సరిచేశాను. చిన్న అద్దం నీడ ఇప్పుడు పళ్ళెం మధ్యలోనే ఉంది.

కానీ పళ్ళెం గుండ్రంగా లేదు. మూడు మూలలున్నాయి, మూలలు అరిగిన సమోసాలా. గంటన్నర చల్లబడ్డాక కూడా అంతే. ఐపీస్ మార్చినా అంతే. తల వంచి చూశాను, తిరగలేదు. దాని మీద గాలి కూడా కాగుతూనే ఉంది.


పాత అద్దం (హైదరాబాద్)
జనవరి 17, రాత్రి 10:40

మూడు మూలలా! అద్దం విప్పారు కదూ? నిజం చెప్పండి.


చుక్కలవేట (విజయవాడ)
జనవరి 17, రాత్రి 10:58

విప్పాను. మొదట రాసినప్పుడు చెప్పలేదు, తిడతారని. పండుగకు ఇల్లంతా దులుపుతూ టెలిస్కోపు కూడా శుభ్రం చేద్దామని డిసెంబరు చివర అద్దం తీసి కడిగాను. జాగ్రత్తగానే కడిగాను, గీతలు పడలేదు. తిరిగి బిగించేటప్పుడు మాత్రం జారిపోతుందని భయపడి మూడు క్లిప్పుల మరలూ బలంకొద్దీ బిగించాను.


పాత అద్దం (హైదరాబాద్)
జనవరి 17, రాత్రి 11:30

తిట్టను. నేను 1986లో హేలీ తోకచుక్క కోసం 6 అంగుళాల అద్దం సొంతంగా అరగదీసుకున్నాను, నాలుగు నెలలు. మొదటి రాత్రే ఇదే తప్పు చేశాను. ఆ రోజుల్లో అడగడానికి ఎవరూ లేరు, తప్పు కనుక్కునేసరికి తోకచుక్క వెళ్ళిపోయింది.

గాజు గట్టిగా కనిపిస్తుంది కానీ దాని ఉపరితలం మిల్లీమీటరులో పదివేలో వంతు వంగినా చుక్క ఆకారం చెడుతుంది. మూడు చోట్ల నొక్కితే మూడు మూలలు. క్లిప్పులు అద్దాన్ని పట్టుకోవడానికి కాదు, గొట్టం బోర్లా పడితే అద్దం జారిపోకుండా ఆపడానికి. క్లిప్పుకూ గాజుకూ మధ్య విజిటింగ్ కార్డు ఆనీ ఆనకుండా జరగాలి. అద్దాన్ని రెండు వేళ్ళతో కదిపితే వెంట్రుకవాసి కదలాలి, టక్కుమని చిన్న చప్పుడు కూడా వినిపిస్తుంది. భయపడకండి.

కడగడం గురించి ఒక మాట. అద్దం మీద దుమ్ము చూసి ఎవరూ కంగారుపడవద్దు. మామూలు దుమ్ముతో బొమ్మ పదును తగ్గదు. నేను నాలుగైదేళ్ళకు ఒకసారి కడుగుతాను, అదీ చివరికి డిస్టిల్డ్ వాటర్ పోసి, తుడవకుండా నిలబెట్టి ఆరనిస్తాను.


చుక్కలవేట (విజయవాడ)
జనవరి 18, రాత్రి 9:35

వదులు చేశాను. టక్కుమంది. రోహిణి గుండ్రంగా ఉంది! వలయాలు ఫోకస్‌కు అటూ ఇటూ దాదాపు ఒకేలా ఉన్నాయి.

గురుడు మెరుగే, కానీ కాగుతున్నాడు. అరక్షణం పట్టీలన్నీ వచ్చి, మళ్ళీ కలిసిపోతాయి. ఇక మిగిలింది గాలేనా?


గోదావరితీరం (రాజమహేంద్రవరం)
జనవరి 18, రాత్రి 10:20

గాలే. అందులోనూ సగం మీ మేడదే. పగలంతా ఎండ తాగిన సిమెంటు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. వేసవిలో మేడ మీద పడుకునే ముందు బకెట్లతో నీళ్ళు చల్లేవాళ్ళం గుర్తుందా? నేను ఇప్పుడు టెలిస్కోపు కోసం అదే చేస్తున్నాను, సూర్యాస్తమయానికే చల్లేస్తాను. కొంత తేడా ఉంది. గడ్డి నేల దొరికితే ఇంకా మంచిది.

ఇంకొకటి. తుపాను వెళ్ళిన మర్నాడు ఆకాశం కడిగిన పలకలా ఉంటుంది, చుక్కలు వజ్రాల్లా మిణుకుతాయి. అందరం టెలిస్కోపులు ఎత్తుకుని పరుగెత్తుతాం. గ్రహాలకు అది పనికిరాని రాత్రి, ఆ మిణుకే గాలి కలత. పలచగా పొగమంచు పరుచుకుని, ఆకు కదలకుండా, చుక్కలు దీపాల్లా నిలిచిన రాత్రి గ్రహాలకు మంచిది. నీహారికలు కనబడవు, గురుడు మాత్రం చెక్కినట్టు ఉంటాడు. ఈ నెలలో మన వైపు అలాంటి రాత్రులు చాలానే వస్తాయి.


మంచుదేశం (న్యూజెర్సీ)
జనవరి 19, ఉదయం 5:50

దీనికి తోడు జెట్ స్ట్రీమ్ (చాలా ఎత్తున వేగంగా వీచే గాలి) కూడా చూసుకోండి. చలికాలంలో అది ఉత్తర భారతం మీదుగా పోతుంది కాబట్టి ఢిల్లీ మిత్రులకు తిప్పలు, మీకు తక్కువ. నా నెత్తి మీద మాత్రం కాపురం పెట్టింది.


చుక్కలవేట (విజయవాడ)
జనవరి 21, ఉదయం 8:00

రాత్రి ఉయ్యూరు దగ్గర మా మేనమామ పొలానికి వెళ్ళాను. వరి కోసేశాక మినుము వేశారు, పాదం పెడితే చల్లగా ఉంది. పది దాటాక పొగమంచు దిగింది. మామయ్య, "ఈ మసకలో ఏం కనబడుతుందిరా" అని నవ్వాడు.

ముందు క్యాస్టర్ జంట చుక్కను చూశాను. రెండింటి మధ్య దూరం 5 ఆర్క్ సెకన్లకు కాస్త ఎక్కువ. రెండు బియ్యపు గింజల్లా విడివిడిగా, మధ్యలో నల్లగా. తర్వాత గురుడు. పట్టీల అంచుల్లో నీలి కొక్కేలు, ఎర్రమచ్చ చుట్టూ తెల్లని గుంట. మామయ్య ఐపీస్ వదలలేదు. నేను ఆయన వెనక వరుసలో నిలబడ్డాను.

ఇప్పుడు ఫోటోల సంగతి చెప్పండి. ఒక మిత్రుడు సోనీ ఐఎంఎక్స్ 224 సెన్సర్ ఉన్న చిన్న కెమెరా అరువు ఇస్తానన్నాడు. టెలిస్కోపుకు మోటారు లేదు, అయినా సాధ్యమా?


రింగులశని (బెంగళూరు)
జనవరి 21, ఉదయం 11:25

సాధ్యమే, ఓపిక ఉంటే.

మీ టెలిస్కోపు ఎఫ్/6, అంటే ఫోకల్ లెంగ్త్ అద్దం వెడల్పుకు ఆరు రెట్లు. గురుడి బొమ్మ నేరుగా సెన్సర్ మీద పావు మిల్లీమీటరే పడుతుంది, సుమారు 70 పిక్సెళ్ళు. ఆ సెన్సర్ పిక్సెల్ 3.75 మైక్రాన్లు. నేను పాటించే లెక్క, పిక్సెల్ కొలతను ఐదుతో హెచ్చించి వచ్చిన ఎఫ్ సంఖ్యకు దగ్గరగా ఉండడం. ఇక్కడ 18.75 వస్తుంది. మూడు రెట్ల బార్లో (బొమ్మను పెంచే కటకం) పెడితే మీది ఎఫ్/18, గురుడు 200 పిక్సెళ్ళు దాటుతాడు. ఐదు రెట్ల బార్లో వద్దు, బొమ్మ పెద్దదవుతుంది, వివరం పెరగదు.

మోటారు లేదు కాబట్టి గురుడు సెన్సర్‌ను సుమారు 20 సెకన్లలో దాటిపోతాడు. ఒక అంచున పెట్టి వదిలేయండి, వీడియో తిప్పండి, దాటాక మళ్ళీ మొదటికి తెచ్చుకోండి. సెకనుకు 100 ఫ్రేములు అనుకుంటే ఒక్కో దాటుకు 2000. నాలుగు దాట్లు చాలు. కానీ మొత్తం రెండు నిమిషాలు, మహా అయితే మూడు. గురుడు 9 గంటల 55 నిమిషాలకొకసారి తన చుట్టూ తాను తిరుగుతాడు. రెండు నిమిషాల్లో మధ్యభాగం అర ఆర్క్ సెకను జరుగుతుంది, మీ అద్దం విడదీయగలిగేది కూడా దాదాపు అంతే. అంతకు మించి తీస్తే మీరే చేత్తో అలికినట్టు.

వీడియోలను పిప్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే గురుణ్ణి మధ్యకు తెచ్చిపెడుతుంది. తర్వాత ఆటోస్టాకర్ట్‌లో మంచి ఫ్రేములు పదో వంతు మాత్రం ఏరి ఒకదాని మీద ఒకటి పేర్చండి. మీరు అరక్షణం చూశానన్నారే, ఆ అరక్షణాలన్నీ ఏరడమే ఈ పని. చివరగా రెజిస్టాక్స్‌లో పదును. అక్కడ చెయ్యి కట్టేసుకోండి.

ఫోకస్‌కు గురుణ్ణి నమ్మవద్దు. పక్కన ఉన్న గురుడి చంద్రుడు సూదిమొనలా అయ్యేదాకా తిప్పండి.


గోదావరితీరం (రాజమహేంద్రవరం)
జనవరి 21, మధ్యాహ్నం 12:40

కెమెరా లేనివాళ్ళకు ఒక ముక్క. ఫోనును ఐపీస్‌కు బిగించే హోల్డరు కొనండి, చేత్తో పట్టుకుంటే కుదరదు. గురుడి మీద వేలు నొక్కి ఉంచి ఫోకస్‌ను కట్టేయండి, పట్టీలు కనబడేదాకా వెలుగు కిందికి లాగండి. ఫోటో కాదు, వీడియో తీయండి. మిగతాదంతా పైన చెప్పినట్టే. మా బడిపిల్లలు చందమామను ఇలాగే తీసి గోడకు అతికించుకున్నారు.


పాత అద్దం (హైదరాబాద్)
జనవరి 21, సాయంత్రం 5:15

తీసుకోండి, వద్దనను. కానీ రాత్రంతా కంప్యూటర్ తెర చూసి, గురుణ్ణి చూశామని చెప్పేవాళ్ళు నాకు చాలామంది తెలుసు.


చుక్కలవేట (విజయవాడ)
జనవరి 24, ఉదయం 9:10

మొదటి ఫోటో జతచేశాను. దయచేసి మొహమాటం లేకుండా చెప్పండి.


రింగులశని (బెంగళూరు)
జనవరి 24, ఉదయం 9:50

మొదటిదానికి చాలా బాగుంది. కానీ చెయ్యి కట్టేసుకోలేదు. గురుడి అంచు లోపల ఉల్లిపొరలా సన్నటి తెల్లగీత ఉంది చూడండి, అది గురుడి మీద లేదు, రెజిస్టాక్స్ పుట్టించింది. పట్టీల మధ్య ఆ ఇసుక కూడా అంతే. పదును సగానికి తగ్గించి మళ్ళీ చేయండి.


చుక్కలవేట (విజయవాడ)
జనవరి 24, ఉదయం 11:30

తగ్గించాను, రెండోది పెట్టాను. గీత పోయింది. కానీ ఉత్తరపు పట్టీ కింద ఒక నల్లచుక్క మాత్రం ఎంత తగ్గించినా పోవడం లేదు. సెన్సర్ మీద దుమ్మా?


రింగులశని (బెంగళూరు)
జనవరి 24, మధ్యాహ్నం 12:05

కాదనుకుంటాను. దుమ్ము సెన్సర్ మీద కదలదు, మీ గురుడేమో సెన్సర్‌కు ఆ చివరి నుంచి ఈ చివరికి జారుతూ పోయాడు. అన్నిటినీ గురుడి ప్రకారం పేరిస్తే దుమ్ము సాగిపోయి చారలా మాయమవ్వాలి. మోటారు లేకపోవడం ఒక్కోసారి మేలే. అది గురుడితో పాటు వచ్చిందంటే గురుడి చంద్రుళ్ళలో ఒకదాని నీడ కావచ్చు.


పాత అద్దం (హైదరాబాద్)
జనవరి 24, మధ్యాహ్నం 12:20

పది నిమిషాల తర్వాత తీసిన వీడియో ఉందా? నీడ అయితే జరిగి ఉండాలి, ఎర్రమచ్చ కంటే వేగంగా.


చుక్కలవేట (విజయవాడ)
జనవరి 24, మధ్యాహ్నం 2:45

ఉంది. ఇప్పుడే పేర్చాను. జరిగింది! మూడో వీడియోలో ఇంకా ముందుకు వెళ్ళింది, పక్కనే చంద్రుడు కూడా లేత చుక్కలా ఉన్నాడు. నాలుగోది తీసేలోపు చిన్న అద్దం మీద మంచు పట్టేసింది. అప్పుడు అది నీడ అని తెలియదు కదా, తువ్వాలు కప్పి ఇంటికి వచ్చేశాను.


పాత అద్దం (హైదరాబాద్)
జనవరి 24, మధ్యాహ్నం 3:10

పాత యోగా చాప ఉంటే గొట్టం మూతికి ఒక అడుగు పొడుగున చుట్టండి, మంచు ఆగుతుంది. ఆ మూడు బొమ్మలూ పక్కపక్కన పెట్టి ఇక్కడ వేయండి, నేను చూడాలి.